నూతికి నల్లద్దం

తోడుకోవే తోడుకోవే తొందరేటమ్మా
గిలక పాడే పాట ఒకటే వంతు నీకమ్మా
. . . . . . . . . .
కడవ నిండితే జరుగవే నీ చెల్లి ఉందమ్మా

ఈ పాటలో మూడో వరస నూకరత్నానికి ఎంతకీ గుర్తు రాదు. అక్కడికొచ్చేసరికి ఊఁ ఊఁ అని దాటేసి నాలుగోదాన్లోకి దూకుతుంది. చిన్నప్పుడు సూరాడపేట నూతి దగ్గర ఆడపిల్లలు పాడిన పాట అది. పాట కోసం పాడింది కాదు, వంతు కోసం పాడింది. ఒకత్తి తోడుతుంటే వెనకున్నవాళ్ళు పాడాలి. పాట అయ్యేలోపు ఎన్ని చేదలు లాగితే అన్ని నీవి. పాట అయిందా, చేంతాడు చేతులు మారాల్సిందే. ఆ ఊళ్ళో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదుగానీ, తగువు పడకుండా నీళ్ళు తెచ్చుకున్న ఇళ్ళు అరవై ఉండేవి. సముద్రం అంత దగ్గర్లో హోరుమంటుంటే ఆ ఒక్క నూతిలో నీళ్ళు తియ్యగా ఎలా ఊరేవో ఆవిడకి అప్పుడూ తెలీదు, అరవై రెండేళ్ళు వచ్చిన ఇప్పుడూ తెలీదు.

ఇప్పుడా ఊరే లేదు. కాకినాడకి ఉత్తరాన ఆ తీరమంతా సముద్రం ఏడాదికింత కోసుకుంటూ వచ్చింది. ముందు వలలు ఆరబెట్టుకునే దిబ్బ పోయింది, తరవాత ఒక వరస ఇళ్ళు, ఆ తరవాత ఇంకో వరస. మిగిలినవాళ్ళని దూరంగా కాలనీ కట్టి పంపించారు. నుయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ఒడ్డు వెనక్కి జరిగీ జరిగీ నుయ్యి సముద్రంలో పడింది, అంతే. అమావాస్యకీ పున్నానికీ పాటు బాగా లాగి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మిట్టమధ్యాహ్నం దాటాక ఒక గంటసేపు, దాని చుట్టూ కట్టిన ఇటికల ఒరా పక్కనున్న గిలక రాయీ అలల్లో తేలీ తేలకుండా కనపడతాయి. కాలనీలో పుట్టిన పిల్లలు అది నుయ్యంటే నమ్మరు. "సముద్రంలో నుయ్యేంటి మామ్మా, ఎవరైనా వింటే నవ్వుతారు" అంటారు. ఊరు ఉన్న రోజుల్లో ఆ ఊరిని ఫోటో తీసినవాడు లేడు. ఒక్క బొమ్మ కూడా లేదు. నమ్మించడానికి నూకరత్నం చేతిలో ఏముంది, మూడు వరసల పాట తప్ప?

కెమెరా ఉంది. అదెలా వచ్చిందో చెప్పాలి. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కాకినాడ వీధుల్లో చేపల తట్ట మోసింది. యాభై రెండో ఏట అక్షరాలు దిద్దుకుంది. కూడబలుక్కోవడం వచ్చాక మొట్టమొదట చదివిన బోర్డు, తను రోజూ చేపలిచ్చే గుబ్బల సోమలింగం మాస్టారి ఫోటో స్టూడియోది. చదివి, లోపలికి తొంగి చూసి, ఆ వింతలన్నీ చూసి, ఇక అక్కణ్ణించి కదల్లేదు. మాస్టారు స్టూడియో మూసేసిన రోజున పాత కెమెరా ఒకటి తీసి ఆవిడ తట్టలో పెట్టి, "త్రాసు పట్టిన చెయ్యి, వణకదు" అన్నాడు. అప్పట్నించీ ఆదివారం ఆదివారం ఆయన వరండాలో కూర్చుని నేర్చుకునే నలుగురైదుగురిలో ఆవిడా ఒకత్తి.

మాస్టారికి డెబ్భై నాలుగేళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పకపోవడం ఆయన అలవాటు. అందులోనూ ఏది కొనాలి అని అడిగితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఏ లెన్సు మంచిదండీ అని ఒకతను అడిగితే, నెలరోజులు మీ వీధి చివర నిలబడి మీ ఇంటి తలుపు ఏ రంగో పూటపూటకీ రాసుకురా అన్నాడట. ఆ వచ్చినతను మళ్ళీ రాలేదు. ఉన్నవాళ్ళు మాత్రం విసుక్కుంటూనే ఉండిపోయారు. ఎందుకుండిపోయారో వాళ్ళనడిగితే వాళ్ళూ సరిగ్గా చెప్పరు. అదీ ఆయన దగ్గర అంటుకున్న జబ్బే కాబోలు.

ఆ ఏడు వర్షాకాలానికి ముందర ఒక సంగతి తెలిసింది. ఒడ్డు కోతకి అడ్డంగా పెద్ద పెద్ద బండరాళ్ళు పోసి గోడ కడతారట. గోడ సరిగ్గా నూతి మీదుగా పోతుంది. రాళ్ళ లారీలు సోమవారం వస్తాయి. ముందు రోజు ఆదివారం, దాని ముందు శనివారం అమావాస్య. అంటే నుయ్యి కనపడే పాట్లు ఇంక రెండే. రాళ్ళు పోస్తే కాలనీ నిలుస్తుంది, కాబట్టి వద్దనడానికి నూకరత్నానికి నోరు రాలేదు. ఆ రెండు మధ్యాహ్నాల్లోనూ నూతిని ఫోటో తియ్యాలి, అంతే ఆవిడకి కావల్సింది.

అప్పటికే నలభై దాకా తీసింది. ఒక్కదాన్లోనూ నుయ్యి లేదు. అన్నీ నురగే. ఒక అల వెనక్కి పోయేలోగా ఇంకోటి వచ్చి పడుతుంది. మధ్యలో నల్లగా ఏవో తునకలు. కోడలు చూసి, "విరిగిన పడవ చెక్కేమో అత్తా" అంది. నూకరత్నానికి కడుపు మండింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఫోటో అలాగే ఉంది మరి.

వరండాలో తోటి శిష్యుడు మూర్తి అని ఒకతను ఉన్నాడు, బ్యాంకులో ఆఫీసరు. లోకంలో ఉన్న సరంజామా అంతా అతని సంచీలో ఉంటుంది. అతనే చెప్పాడు ఉపాయం. లెన్సు ముందర నల్లద్దం పెడితే వెలుతురు సన్నగా కారుతుందట. అప్పుడు కెమెరా కన్ను నిమిషంసేపు తెరిచే ఉంచాలి. ఆ నిమిషంలో కదిలేదేదీ నిలవదు, అల మీద అల పడి మంచులా అయిపోతుంది. కదలనిది మాత్రం ఉన్నదున్నట్టు పడుతుంది.

"అయితే నుయ్యి ఒక్కటే మిగులుద్దా బాబూ?" అంది నూకరత్నం, నోరు తెరుచుకుని.

"మిగులుతుంది పిన్నిగారూ. నా అద్దాలు నా లెన్సులకే పడతాయి, లేకపోతే ఇచ్చేవాణ్ణే. మీరే ఒకటి కొనుక్కోవాలి. వాటిల్లో బోలెడు రకాలండి. మూడు స్టాపులది, ఆరు స్టాపులది, పది స్టాపులది."

"అద్దమా, బస్సా అది?"

"ఎన్ని స్టాపులైతే అంత నలుపండి. మామూలుగా తెల్లారగట్లో, పొద్దుగూకే వేళో తీస్తాం కాబట్టి ఆరు చాలు."

"నా నుయ్యి రెండింటికి గానీ బయటపడదు. దాన్ని పెందరాళే లెమ్మని నువ్వెళ్ళి చెప్తావా?"

మూర్తి నవ్వి ఫోన్లో లెక్కలు వేసి, ఆ ఎండకి పది స్టాపులదే కావాలనీ, అందులో ఒకటి చవకదైతే రంగు మారుతుందనీ, ఒకటి ఖరీదైనదైతే బాగుంటుందనీ, ఇంకొకటి తిప్పే రకం ఉందనీ, దాని మీద భేదాభిప్రాయాలున్నాయనీ అరగంట చెప్పాడు. విన్నకొద్దీ ఆవిడ బుర్ర వలలో పీతలా చిక్కుపడింది. ఆవిడ దాచుకున్నది ఒక్క అద్దానికే సరిపోతుంది. పొరపాటున కొంటే రెండోది కొనే దారి లేదు. అందుకని ఒళ్ళు మండుతుందని తెలిసీ మాస్టార్ని అడిగేసింది.

"మాస్టారండీ, నేను ఏ నల్లద్దం కొనాలండి?"

ఆయన పేపరు దించలేదు. "చేపల కూర వండే దాక మీద పెట్టే మూత ఉంటుంది కదా. రేపు పట్రా."

రేపు రావాలంటే రెండు బస్సులు మారాలి. ఒళ్ళో సత్తు మూత పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "గిన్నె దిగిపోయిందా మామ్మా" అన్నాడు. వెళ్ళేసరికి మాస్టారు వరండాలో మూడు గిన్నెలు వరసగా పెట్టుకుని ఉన్నాడు, పెద్దదీ నడిమిదీ చిన్నదీ. ఆవిడ మూత తీసుకుని మూడింటి మీదా పెట్టి చూపించాడు. మూడింటి మీదా కూర్చుంది. చిన్నదాని మీద చుట్టూ వెడల్పుగా, టోపీలా కూర్చుంది. అప్పుడు లోపల్నించి పాలగిన్నె మూత తెచ్చి పెద్ద గిన్నె మీద వదిలాడు. అది ఖంగుమని అడుక్కి పడిపోయింది.

"ఇంక వెళ్ళు" అన్నాడు.

"ఇది మా మనవరాలికీ తెలుసండీ" అంది నూకరత్నం.

"అది కూడా బస్సెక్కి వచ్చిందా?"

తిరుగు బస్సులో ఆవిడ మూతని తిట్టింది, మాస్టార్ని తిట్టలేక. యాభై ఏళ్ళ బట్టి కూరలొండుతోంది, పెద్ద మూత చిన్న గిన్నె మీద నిలుస్తుందని చెప్పించుకోవడానికి ఒక పూట పని పోగొట్టుకుంది. ఈయన దగ్గర చదువుకోవడం కన్నా సొరచేపకి ఈత నేర్పడం తేలికనుకుంది.

బుధవారం కాకినాడలో కెమెరా సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను ఆవిడని ఎగాదిగా చూసి, "ఎవరికి మామ్మగారూ, మనవడికా?" అన్నాడు.

"నాకే. నల్లద్దాలు చూపించు."

అతను మూడు పెట్టాడు బల్ల మీద. ఒకటి చవకది, సరిగ్గా ఆవిడ లెన్సు మూతికి సరిపోయేది, పది స్టాపులదే. రెండోది తిప్పే రకం, తిప్పినకొద్దీ నలుపెక్కుతుంది, "ఇదొక్కటుంటే అన్నీ ఉన్నట్టేనండి" అన్నాడు. మూడోది పెద్దది, పది స్టాపులదే, ఎప్పుడో ఎవరో పెద్ద లెన్సు కోసం చెప్పి తీసుకెళ్ళనిది, అందుకని ధర తగ్గించి పెట్టాడు. ఆవిడ డబ్బుకి మూడూ అందుబాటులోనే ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు.

మొప్ప విప్పి చూడకుండా చేప కొనే అలవాటు ఆవిడకి లేదు. కొట్టతన్ని గుమ్మంలోకి వచ్చి ఎండలో నిలబడమంది. తెల్ల చొక్కా వేసుకున్నాడతను. మొదటి అద్దంలోంచి చూసింది.

"నీ చొక్కా వంకాయ రంగయిందయ్యా."

"అది కంప్యూటర్లో సరి చేసుకోవచ్చండి."

"కుళ్ళిన చేపకి పసుపు రాసినట్టా?"

రెండోది తిప్పి చూసింది. మొదట్లో బాగానే ఉంది. బాగా నల్లగా తిప్పేసరికి చొక్కా మీద రెండు నల్లని పట్టీలు అడ్డంగా పడ్డాయి, తప్పు లెక్క మీద బళ్ళో పంతులు కొట్టేసిన గీతల్లా. ఆవిడకి కావల్సింది ఆ నలుపే. దాన్నీ పక్కన పెట్టింది. మూడోదాన్లోంచి చూస్తే చొక్కా మసక పడింది గానీ తెల్లచొక్కాలాగే ఉంది.

"అది మీ లెన్సుకి పెద్దదయిపోతుందండి" అన్నాడు కొట్టతను.

నూకరత్నం తలెత్తింది. సత్తు మూత చిన్న గిన్నె మీద టోపీలా కూర్చోవడం కళ్ళకి కట్టింది. "పెద్దదాన్ని చిన్న మూతి మీద కూర్చోబెట్టే రింగు ఒకటి ఉండాలే" అంది.

ఉంది. రింగు ఖరీదు రెండు కాఫీల డబ్బు. అద్దం కొనుక్కుని బయటికొచ్చాక, మాస్టార్ని తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకుంది. మిగతా సగం ఉంచుకుంది, అవసరం పడుతుందని.

శనివారం ఎండ బాగా కాసింది. రెండయ్యేసరికి పాటు లాగింది. మూడుకాళ్ళ స్టాండు ఇసకలో పాతి, కెమెరా బిగించి, పెట్టెలోంచి అద్దం తీసి, కళ్ళకద్దుకుని, రింగేసి లెన్సుకి తిప్పి పెట్టింది. అప్పుడు నుయ్యి ఎక్కడుందా అని కంటికి ఆనించి చూసింది. ఏమీ లేదు. కాటుక డబ్బాలో తల పెట్టినట్టుంది. కెమెరా కూడా వెతుక్కుంటోంది పాపం, లెన్సు గుర్రుగుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది, ఎక్కడా నిలవదు. అటు జరిపింది, ఇటు జరిపింది. అద్దం ఊడదీద్దామంటే తడి వేళ్ళకి అది కదల్దు. అందాజున నొక్కింది. ఒకదాన్లో ఆకాశమే పడింది. ఒకదాన్లో సగం నుయ్యి, అదీ కన్నీళ్ళలోంచి చూసినట్టు మసక. మూడు దాటింది. అల ఒకటి వచ్చి ఒరని కప్పేసి మళ్ళీ చూపించలేదు. పోటు మొదలైంది.

ఉన్న రెండు పాట్లలో ఒకటి అలా పోయింది.

బట్టలు తడిగా ఉండగానే బస్సెక్కి మాస్టారి వరండాకి వెళ్ళింది. ఆయన మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాడు.

"మీరు చెప్పినట్టే పెద్దదే కొన్నానండి. డబ్బంతా దాని మీదే పెట్టాను. చూస్తే ఏం కనపడి చావదు. ముందే ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"నేనెప్పుడు చెప్పాను పెద్దది కొనమని?"

"మూత పట్రమ్మన్నారుగా."

"పట్రమ్మన్నాను. ఇవాళ తెచ్చావా?"

"ఇంకా మూతెందుకండీ?" అంది ఆవిడ, ఏడుపూ కోపమూ కలిసి.

మాస్టారు చెంబు కింద పెట్టాడు. "కూర దాక మీద మూత పెట్టేముందు ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? ఉప్పు చూస్తాను."

ఆయన చెంబు తీసుకుని మందార మొక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. నూకరత్నం అక్కడే నిలబడిపోయింది. మూత పెట్టాక రుచి చూసే ఆడది ఎక్కడైనా ఉంటుందా అనుకుంది. ఉంది, ఇవాళ మధ్యాహ్నం సముద్రం ఒడ్డున ఉంది. "వెళ్ళొస్తానండి" అంది. ఆయన వెనక్కి తిరక్కుండా, "రేపు మూర్తి కారులో నేనూ వస్తాను" అన్నాడు. రెండేళ్ళయింది ఆయన గేటు దాటి.

ఆదివారం మబ్బు పట్టింది. మూడు కావస్తుండగా ముగ్గురూ ఒడ్డున ఉన్నారు. వెనక మెరక మీద రాళ్ళ లారీలు రెండు అప్పుడే వచ్చి ఆగి ఉన్నాయి, తెల్లారితే దింపడానికి. నూకరత్నం కెమెరా నిలబెట్టి, అద్దం పెట్టెలోనే ఉంచి, ఉత్త లెన్సులోంచి చూసింది. చూసిందంటే మామూలుగా కాదు. గిలక రాయి మీద తాడు ఒరుసుకున్న గాడి తేటగా కనపడే దాకా లెన్సు రింగు తిప్పింది. నుయ్యి ఎక్కడుండాలో, ఆకాశం ఎంత ఉండాలో చూసుకుంది. కుడివైపు పచ్చటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తేలుతుంటే అది పోయే దాకా ఆగింది.

"పిన్నిగారూ, పాటు తిరిగిపోతోందండి" అన్నాడు మూర్తి.

"ఉప్పు చూస్తున్నానుండు."

చూడటం అయ్యాక, కెమెరా తనంతట తను వెతుక్కోకుండా మీట తిప్పి, లెన్సు రింగు జరగకుండా టేపు ముక్క అంటించింది. అప్పుడు, ఊపిరి బిగబట్టి, వేలి కొసలతో అద్దం బిగించింది. లోపలంతా చీకటి. ఈసారి ఆ చీకట్లోకి ఆవిడ తొంగిచూడనే లేదు. వెనకనించి వెలుతురు దూరకుండా కెమెరా మీద కొంగు కప్పింది.

"ఎంతసేపు తెరవాలండీ?"

"అరవై నాలుగు సెకన్లు" అన్నాడు మూర్తి, ఫోను చూస్తూ.

మాస్టారు మూర్తిని చూడనుకూడా లేదు. "మీ నూతి దగ్గర నీ వంతెంత?"

"ఒక పాటండి."

"మూడు వంతులు తీసుకో."

ఆవిడ కెమెరాకి తగిలించిన తీగ బటను నొక్కి పట్టుకుని పాడటం మొదలెట్టింది. తోడుకోవే తోడుకోవే. రెండు వరసలు, ఊఁ ఊఁ, నాలుగో వరస. ఒక వంతు. రెండో వంతు ఎత్తుకుందో లేదో, పక్కన చెప్పులు విడిచిన చప్పుడైంది. మాస్టారు పంచె మోకాళ్ళ పైకి ఎగదోపి, నీళ్ళలోకి దిగాడు. కెమెరా ముందుకే. తిన్నగా నూతి వైపు.

ఇదే ఆఖరి పాటు, ఇదే ఆఖరి ఫోటో, దాని మధ్యలోంచి తెల్లపంచె కట్టుకున్న మనిషి తాపీగా నడుచుకుంటూ పోతున్నాడు, సంతకెళ్తున్నట్టు. అరుద్దామంటే నోట్లో పాట ఉంది. పాట ఆపితే లెక్క పోతుంది. మూర్తి అరుస్తున్నాడు, "మాస్టారూ, ఫ్రేములోకి వెళ్ళిపోయారు, ఇటు రండి" అని. హోరులో ఆయనకి వినపడలేదో, వినదల్చుకోలేదో. ఆవిడ కళ్ళెర్రజేసి, పళ్ళ మధ్యనించి పాడుతూనే ఉంది. ఇంత కోపంగా ఆ పాట ఎవరూ పాడి ఉండరు. బుధవారం ఉంచుకున్న సగం తిట్లూ అక్కరకొచ్చాయి, మనసులో.

మూడో వంతు వచ్చేసరికి ఆయన నూతిని చేరాడు. అల ఒకటి నడుము దాకా తడిపి పోయింది. ఆయన ఒర మీద చెయ్యి వేసి, లోపలికి వంగి, చూస్తూ నిలబడ్డాడు. చిన్నపిల్లలు వంగి నీళ్ళలో నీడ చూసుకుంటారే, అలాగ. అలా వంగితే నూకరత్నం తల్లి వెనకనించి జడ పట్టుకు లాగేది. నోట్లో రెండో వరస అయిపోయింది. ఊఁ ఊఁ అనబోయింది. అనలేదు. దాని బదులు,

నీడ చూస్తూ నిలిచిపోకే నీరు కదిలేనమ్మా

అని వచ్చింది. ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకి తెలీదు. యాభై ఏళ్ళుగా ఎక్కడ దాక్కుందో, ఎందుకిప్పుడు వచ్చిందో. బటను మీద వేలు మాత్రం వణకలేదు. నాలుగో వరస కూడా పూర్తిచేసి, వేలు తీసింది. మాస్టారప్పటికే నుయ్యి చుట్టి, కెమెరాకి అవతలి పక్కనించి ఒడ్డుకి నడిచి వస్తున్నాడు. ఆయన గట్టెక్కేలోపే పెద్ద అల ఒకటి వచ్చి ఒరని కప్పేసింది. అది మళ్ళీ తేలలేదు.

మాస్టారు వచ్చి పంచె పిండుకుంటున్నాడు. నూకరత్నం ఆయన్ని చూడలేదు, చూస్తే ఏమంటుందో తనకే భయం. కెమెరా వెనక తెర మీద బొమ్మ వచ్చింది. మూర్తీ వంగి చూశాడు.

సముద్రం గంజి తేరినట్టుంది. అలల్లేవు, నురగ లేదు. ఆ తెల్లటి నిశ్శబ్దం మధ్య నుయ్యి నిలబడి ఉంది. ఒర గుండ్రంగా, ఇటిక ఇటికా లెక్కపెట్టుకునేట్టు. పక్కన గిలక రాయి, దాని మీద తాడు గాడి. ఏ పిల్లకి చూపించినా ఇంక పడవ చెక్క అనదు. ఆవిడ కాసేపు దాన్నే చూసింది. తరవాత దానిలో ఇంకేదో వెతికింది, ఈ మూల నించి ఆ మూలకి.

"మాస్టారండీ, అంతసేపు ముందరే తిరిగారు. ఎక్కడా లేరేంటండీ?" కోపం ఎటు పోయిందో ఆవిడకి దొరకలేదు.

తరవాతి ఆదివారం నాటికి ఆయన పోయాడు, వరండాలో కుర్చీ ఖాళీ అయిపోయింది. కారులో తిరిగొచ్చేటప్పుడు కూడా ఆయన కళ్ళు మూసుకునే కూర్చున్నాడు. కాబట్టి ఆ ఒడ్డున అన్నదే ఆయన ఆవిడతో అన్న ఆఖరి మాట. ఆవిడ అలా అడగ్గానే ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తడి తుడుచుకుని పెట్టుకుని, తెర మీదికి వంగి చూశాడు. ఒర అంచున, చెయ్యి వేసిన చోట, ఇటికల మీద ఆవిరి పట్టినట్టు సన్నగా ఒక తెల్లటి నీడ ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించాడు.

"అదిగో రత్నం, అక్కడ కాసేపు ఆగాను."